శుక్రవారం తాళం

కాంటాల రహ్మాన్ తన యాభై తొమ్మిదేళ్ల బతుకులో చాలా మాటలు పడ్డాడు. కాంటా తక్కువ తూగుతోందన్నవాళ్లున్నారు, ఎక్కువ తూగుతోందన్నవాళ్లున్నారు, ఒకే కాంటా గురించి ఒకే పూట ఆ రెండు మాటలూ అన్న మొగుడూ పెళ్లాలూ ఉన్నారు. అన్నీ నవ్వుతూనే విన్నాడు. కానీ ఈ ఎనిమిది నెలలుగా "తాళం ఏసినవా?" అనే ఒక్క మాట మాత్రం ఆయనను పొయ్యిమీద పాలలాగా పొంగించి పోస్తోంది.

"ఏసినవా?" అని అడిగేది పెళ్లాం జోహరాబీ. "ఏసినవా?" అని అడిగేది కొడుకు ఇంతియాజ్. ఆఖరికి స్టేషన్ ఘన్‌పూర్‌లో వాళ్ల ఇంటి ముందు పాలు పోసే మనిషి కూడా కారు పక్కనుంచి పోతూ పోతూ డోరు ఒకసారి లాగి చూసి పోతున్నాడు. రహ్మాన్ కిటికీలోంచి చూసి పళ్లు కొరుక్కున్నాడు.

తూకం వేసేవాడికి నమ్మకమే పెట్టుబడి. మూడు జిల్లాల్లో దుకాణాల కాంటాలు బాగుచేసే పని రహ్మాన్‌ది. సోమవారం జనగామ, బుధవారం భూపాలపల్లి వైపు మొగుళ్లపల్లి, శుక్రవారం తొర్రూరు. కాంటా సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ముద్ర పడిన తూకపు రాళ్లు కావాలి. ఇరవై కిలోల ఇనుప రాళ్లు అయిదు, పది కిలోలవి నాలుగు, ఇంకా చిన్నాచితకా. వాటిని బస్సులో వేసుకుని పోలేడు, బండి మీద కట్టుకుని పోలేడు. ముప్పై ఏళ్లు ఆటోలకు పోసి పోసి, ఆఖరుకు ఒక పాత తెల్లకారు కొన్నాడు. ఆ కారుకు పదిహేనేళ్లు. నడుస్తుంది, ఆగుతుంది, హారన్ మోగుతుంది. ఒక్క సెంటర్ లాకు మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడు పనిచేస్తుంది.

బుద్ధి పుట్టినప్పుడు అనడం కూడా తప్పే. వేసేటప్పుడు బ్రహ్మాండంగా పడుతుంది. చేతిలోని తాళంచెవి మీద బటన్ నొక్కగానే నాలుగు డోర్లూ "టక్" అంటాయి, నాలుగు పిన్నులూ కిందికి దిగుతాయి. రహ్మాన్ ఒక డోరు పట్టి లాగి చూస్తాడు. రాదు. అప్పుడు నమాజుకు పోతాడు. తిరిగి వచ్చేసరికి నాలుగు పిన్నులూ పైకి లేచి ఉంటాయి, కారు చావడిలాగా బార్లా తెరిచి ఉంటుంది.

మొదటిసారి గొడుగు పోయింది. రెండోసారి టిఫిన్ డబ్బా పోయింది, అది కూడా జోహరాబీ వండిన బగారా అన్నంతో సహా.

"మర్సిపోయినవ్" అన్నది జోహరాబీ.

"నేను మర్సిపోలే. ఏసిన. లాగి సూసిన."

"ఏస్తే ఎట్ల తెరుచుకుంటది? కారు దానంతట అదే తీస్కుంటదా?"

నిజమే, ఏ తాళమైనా దానంతట అదే తెరుచుకుంటుందా? కానీ తెరుచుకుంది. తన కళ్లు చూశాయి, తన చెయ్యి లాగింది. ముప్పై ఏళ్లుగా పది గ్రాముల తేడాను పట్టుకున్న చెయ్యి అది. ఆ చేతి మాట ఇంట్లో ఎవరికీ చెల్లకుండా పోయింది.

జనగామలో హరిలాల్ అని కార్ల కరెంటు పని చేసే మెకానిక్ ఉన్నాడు. రహ్మాన్ ఒక సోమవారం కారు తీసుకుపోయి అతని ముందు నిలబెట్టాడు. హరిలాల్ డ్రైవరు డోరు అట్ట ఊడదీసి వైర్లు మార్చాడు. తర్వాతి సోమవారం డోరులో ఉండే చిన్న మోటారు మార్చాడు. ఆ పై సోమవారం సీటు కింద ఉన్న నల్ల డబ్బా ఊడదీసి ఎండలో పెట్టి మళ్లీ బిగించాడు. ప్రతి సోమవారం కారు బడికి వచ్చిన అధికారి ముందు కూర్చున్న పిల్లవాడిలాగా ఒద్దికగా ఉండేది. నూరుసార్లు వేస్తే నూరుసార్లు పడేది. పడింది పడ్డట్టే ఉండేది. ఆఖరుకు హరిలాల్ చేతులు తుడుచుకుంటూ, మొహం పక్కకు తిప్పుకుని అన్నాడు:

"అన్నా, ఏమనుకోకు. బండిల దోషం లేదు. వయసైనంక మనకే జర యాదికుండది."

"ఎవనికి యాదికుండదిరా? 'మన'కంటున్నవ్, నీకా నాకా?"

"నాకే అనుకో అన్నా."

"నీకే అనుకుంట. నీకే మతిమరుపు. మూడు సోమవారాల సంది మోటరెక్కడుందో యెతుకుతున్నవ్!"

అంత కోపంగా మాట్లాడి వచ్చాడు కానీ, దారి పొడుగునా ఆ మాట చెవిలో జోరీగలాగా తిరిగింది. ఇంటికి వచ్చేసరికి జోహరాబీ స్టీరింగుకు ఒక తావీజు కట్టింది. కారుకు కట్టినట్టే కట్టింది గానీ, కడుతూ దువా చదివి ఊదింది మాత్రం మొగుడి మొహం మీద.

ఇంకో సంగతి రహ్మాన్ గమనించాడు. కారు తెరుచుకునేది తొర్రూరులోనే, అదీ శుక్రవారమే. ఆ మాట ఇంట్లో చెప్పడం పెద్ద పొరపాటైంది.

"సూసినవా!" అన్నాడు ఇంతియాజ్, ఘన్‌పూర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే మనిషి, లోకంలో ప్రతిదానికీ జవాబు ఉందనుకునే మనిషి. "శుక్రారం నీ ధ్యాసంత జుమ్మా నమాజు మీదుంటది అబ్బా. ఆలస్యమైతుందని ఉరుకుతవ్, తాళం మర్సిపోతవ్. మంచి సంగతే, కని తాళం మర్సిపోతవ్."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. ఇక్కడ రోగీ లేడు, వైద్యుడూ లేడు, అందరూ కలిసి ఒక మంచి మనిషి నోట్లో పాలు కుక్కుతున్నారు.

పోయిన శుక్రవారం మాత్రం గొడుగూ టిఫినూ కాదు. ఇత్తడి రాళ్ల పెట్టె పోయింది. అయిదు గ్రాముల నుంచి అర్ధకిలో వరకు, మఖ్మల్ గుడ్డ పరిచిన కర్రపెట్టెలో ఒక్కొక్కటి దాని గుంటలో కూర్చుని ఉండేవి. అవి రహ్మాన్ తండ్రివి. బంగారపు దుకాణాల కాంటాలకు ఆయన ఆ పెట్టె పట్టుకుని నడిచిపోయేవాడు. రహ్మాన్ ఇంటికి వచ్చి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ముట్టని మనిషి ముందు కూర్చుని ఇంతియాజ్ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, దవాఖానలో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"అబ్బా, మొగుళ్లపల్లి కాటమయ్య కారు అడుగుతున్నడు. శనివారం వచ్చి తీస్కపోతడు. సోమవారం హన్మకొండల డాక్టర్ దగ్గర నీ పేరు రాయించిన. భయపడేదేం లేదు. తలకాయ డాక్టరే, కని మంచిగ మాట్లాడుతడట."

రహ్మాన్‌కు ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే అర్థమైంది. కారు పోతే రాళ్లు కదలవు. రాళ్లు కదలకపోతే పని లేదు. పని సంగతి అటుంచు, తన బుర్ర తన దగ్గర లేదని తన ఇంట్లోనే రాసేశారు! అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని పెద్దలు ఊరికే అన్నారా?

"అమ్ముడు తర్వాత" అన్నాడు. "ఈ శుక్రారం నువ్వు నాతోని తొర్రూరు రా. తాళం నువ్వే ఎయ్యి. నువ్వే లాగి సూడు. తాళం నీ జేబులనే పెట్టుకో. తెరుచుకోకపోతే కాటమయ్యకు నేనే దండం పెట్టి ఇస్త, డాక్టరు కాదు, పిచ్చి దవాఖానకు పొమ్మన్నా పోత."

"సరే" అన్నాడు ఇంతియాజ్. ఆ 'సరే'లో జాలి ఉంది. ఆ జాలి తిట్టు కంటే ఎక్కువ మండింది.

కారు కొన్నది కూడా తొర్రూరులోనే. రాజేశం అని విత్తనాల వ్యాపారి, బజారులో కింద దుకాణం, పైన ఇల్లు. ఆయన కాంటాలు రహ్మాన్ ముప్పై ఏళ్లుగా చూస్తున్నాడు. రాజేశం మంచి తూకం మనిషి. గింజ ఎక్కువైతే తీయడు, తక్కువైతే నిద్రపోడు. అలాంటి మనిషికి రెండేళ్ల కిందట మతి తప్పింది. తప్పింది అని ఇంట్లోవాళ్లు చెప్పారు, బజారు నమ్మింది. కారుకు తాళం వేయకుండా వదిలేయడం మొదలుపెట్టాడట. ఒకరోజు కారులోంచే మిర్చి విత్తనాల సంచులు రెండు పోయాయి. దానికి తోడు ఏమేమో మాట్లాడడం. కొడుకు వెంకటేష్ దుకాణం తాళాలు తన చేతిలోకి తీసుకున్నాడు, కారు అమ్మకానికి పెట్టాడు. రాజేశం దుకాణం మెట్టు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాడు.

బేరం కుదిరింది ఎనిమిది నెలల కిందట, ఒక శుక్రవారం. జుమ్మా రోజు మంచిదని రహ్మాన్ పట్టుబట్టాడు. శుక్రవారం తాళాలు చేయి మారితే ఇంట్లో లక్ష్మి గడప దాటుతుందని రాజేశం భార్య లక్ష్మీకాంతమ్మ పట్టుబట్టింది. గంటసేపు ఎవరి దేవుడికి వాళ్లు అడ్డం నిలబడ్డాక, వెంకటేష్ ఒక దారి చూపాడు. తాళాలు రెండున్నాయి కదా. ఒకటి ఇవాళ రహ్మాన్ తీసుకుపోతాడు, రెండోది ఇంట్లోనే ఉంటుంది, లక్ష్మీ ఉంటుంది. శనివారం వచ్చి రెండోది తీసుకుపోవచ్చు. అందరూ నవ్వారు, చాయ్ తాగారు.

పోయేటప్పుడు వెంకటేష్ గొంతు తగ్గించి, కుర్చీలో ఉన్న తండ్రి వైపు చూపిస్తూ అన్నాడు: "బాపు మాటలు పట్టించుకోకు రహ్మానన్నా. కారు తీస్కపోవద్దంటడు. ఇంట్ల గంట కొడితే కారు తెరుచుకుంటదంటడు."

రహ్మాన్ "అయ్యో పాపం" అని తల ఊపి కారెక్కాడు. శనివారం రెండో తాళానికి పోలేదు. ఆ పై శనివారమూ పోలేదు. ఈ కథలో రహ్మాన్ నిజంగా మర్చిపోయింది ఏదైనా ఉంటే అదొక్కటే.

శుక్రవారం వచ్చింది. పన్నెండున్నరకు తండ్రీకొడుకులు తొర్రూరు బజారులో రాజేశం దుకాణం ముందు కారు ఆపారు. మసీదు ఆ వెనక సందులోనే, అందుకే రహ్మాన్ ఎప్పుడూ అక్కడే ఆపుతాడు. ఇంతియాజ్ దిగి, బటన్ నొక్కాడు. "టక్". నాలుగు పిన్నులూ దిగాయి. నాలుగు డోర్లూ తిరిగి తిరిగి లాగి చూశాడు. తాళం జేబులో వేసుకున్నాడు.

"పడ్డదా?" అన్నాడు రహ్మాన్.

"పడ్డది."

"మంచిగ పడ్డదా? మర్సిపోలే కద? వయసైనంక జర యాదికుండది."

ఇంతియాజ్ మొహం ముడుచుకున్నాడు. "జమాత్ నమాజు ఒకటిన్నరకు. అందాక ఈడనే నిలబడి సూద్దాం. తెరుచుకోకపోతే..."

"తెలుసులే" అన్నాడు రహ్మాన్.

ఇంతియాజ్ ఎదురుగా మందుల దుకాణం నీడలో నిలబడ్డాడు. రహ్మాన్ దుకాణం మెట్టు మీద, రాజేశం కుర్చీ పక్కనే కూర్చున్నాడు. ఎనిమిది నెలల్లో ప్రతి శుక్రవారం ఆ కుర్చీ ముందునుంచే పోయాడు. "బాగున్నవా సేటూ" అనేవాడు, జవాబు కోసం ఆగేవాడు కాదు. పక్కన కూర్చోవడం ఇదే మొదలు. సేటు చాలా సన్నబడ్డాడు. చొక్కా గుండీలు ఎవరో పెట్టినట్టు మెడదాకా పెట్టి ఉన్నాయి.

లోపల వెంకటేష్ బేరాల్లో ఉన్నాడు. అరగంట గడిచింది. కారు కదల్లేదు, పిన్ను లేవలేదు. చెమట మాత్రం రహ్మాన్ వీపు మీద కాలువ కట్టింది. ఎదురుగా కొడుకు ఫోను చూసుకుంటున్నాడు. ఒకవేళ నిజంగానే తనకు...? ఆ ఆలోచనను సగంలోనే తొక్కేశాడు.

అప్పుడు పక్కనుంచి గొంతు వినిపించింది.

"తాళం ఏసినవా?"

రహ్మాన్ భగ్గుమన్నాడు. చివరికి ఈయన కూడానా! "ఏసినం సేటూ, ఏసినం! ఒకడు కాదు, ఇద్దరం కలిసి ఏసినం! ఊరంతా అడిగింది, నువ్వొక్కనివే తక్కువైనవ్!"

రాజేశం ఉలిక్కిపడలేదు. తల ఊపాడు.

"ఏసే ఉంటవ్. నేను గూడ ఏసేటోన్ని."

రహ్మాన్ మెడ తిప్పి ఆయన మొహంలోకి చూశాడు.

"ఏసినా ఆగది" అన్నాడు రాజేశం, రోడ్డు వైపే చూస్తూ. "గంట కొడుతరు గద. తెరుచుకుంటది. నేను చెప్పిన. గోళీలు ఇచ్చిన్రు."

రహ్మాన్ ఆ కుర్చీనే చూశాడు. భయం వేసింది, అబద్ధమెందుకు. రెండేళ్ల తర్వాత తాను కూర్చోబోయే కుర్చీ ఇదేనా? ఇలాగే మెడదాకా గుండీలు పెట్టి, ఎదురుగా కారు పెట్టి, తాళం వేశాను వేశాను అంటూ—

"టక్" అన్నది కారు.

రహ్మాన్ ఎగిరి నిలబడ్డాడు. పిన్నులు కిందనే ఉన్నాయి. ఊపిరి తీసేలోపు మళ్లీ "టక్". నాలుగు పిన్నులూ ఒక్కసారే పైకి లేచాయి. పట్టపగలు, నడిబజారులో, దగ్గర్లో చీమ కూడా లేకుండా. ఎదురుగా ఇంతియాజ్ ఫోను పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది, రెండో చెయ్యి జేబులోని తాళాన్ని తడుముకుంటోంది.

అప్పుడు మేడ మీదినుంచి పూజ గంట మోగింది. గణ గణ గణ.

"ఇగో" అన్నాడు రాజేశం.

ఇంతియాజ్ రోడ్డు దాటి పరుగెత్తి వచ్చి డోరు లాగాడు. తెరుచుకుంది. "అబ్బా, నేను నొక్కలే. అల్లా కసమ్, నేను నొక్కలే!"

"నువ్వు మర్సిపోయి నొక్కినవేమో బేటా" అన్నాడు రహ్మాన్. ఎనిమిది నెలల నుంచి దాచుకున్న మాట అది, చెప్పకుండా ఉండలేకపోయాడు. కానీ అది నోటినుంచి బయటపడ్డాక కూడా కళ్లు మాత్రం మేడ మీదనే ఉన్నాయి. గంట. సేటు చెప్పిన గంట. కాంటా మనిషి ఆయన. రెండు పళ్లేలు ఒకేసారి కదిలితే మధ్యలో ముల్లు ఎక్కడో ఉంటుందని తెలిసినవాడు.

"డోరు ఎయ్యి, పా పైకి" అన్నాడు.

లక్ష్మీకాంతమ్మ అప్పుడే నైవేద్యం పెట్టి గంట కింద పెడుతోంది. పూజగది కిటికీ సరిగ్గా బజారు మీదికి ఉంది, కింద కారు కప్పు కనిపిస్తోంది. చెప్పులు విడిచి గడప బయట నిలబడిన తండ్రీకొడుకులను చూసి ఆమె కొంగు సర్దుకుంది.

"ఏంది రహ్మాన్ తమ్మీ, గట్ల ఉరికొచ్చిన్రు?"

రహ్మాన్ కళ్లు లోపలికి పోయాయి. దేవుడి పటాల ముందు రాగి పళ్లెం ఉంది. పళ్లెంలో వరసగా తాళాలు. బీరువాది, దుకాణం షట్టరుది, గల్లాపెట్టెది. అన్నిటికీ పసుపు, దాని మీద కుంకుమ. ఆ చివర నల్లటిది, లావుపాటిది, రెండు బటన్లున్నది. ఒక బటన్ మీద పసుపు, ఇంకో బటన్ మీద కుంకుమ, పాతది ఎండి గట్టిపడిన దాని మీద కొత్తది తడితడిగా.

"పెద్దమ్మా, గా చివరిది ఏం తాళం?" అన్నాడు ఇంతియాజ్.

"మీ కారుదే బిడ్డా. మీ నాయిన శనివారం వచ్చి తీస్కపోతనన్నడు, రానే రాలే. ఇంట్ల ఉన్న తాళానికి బొట్టు పెట్టకుంట ఎట్లుంట? అన్నిటికీ శుక్రారం పెడ్తనే ఉంట, నేనొచ్చిన కాడి సంది పెడ్తున్న. కారు మా దగ్గరున్నప్పుడు గూడ గిదే తాళం గీడనే ఉండె, ఇంకోటి మా ఇంటాయన దగ్గరుండె."

"జర మల్లొక్కసారి బొట్టు పెట్టు అక్కా" అన్నాడు రహ్మాన్.

"పూజ అయిపోయినంక మల్లెట్ల పెడ్త?"

"నీ కాళ్లు మొక్కుత, పెట్టు."

ఆయన గొంతు విని ఆమె మళ్లీ పళ్లెం ముందు కూర్చుంది. పసుపులో వేలు ముంచి ఒక బటన్ మీద అద్దింది. కింద బజారులో "టక్". కుంకుమలో వేలు ముంచి ఇంకో బటన్ మీద గట్టిగా, శ్రద్ధగా, ఒత్తి పెట్టింది. "టక్". మెట్ల పిట్టగోడ మీదినుంచి వంగి కారును చూసిన ఇంతియాజ్, తన జేబులోని తాళం తీసి దాన్నే తిప్పి తిప్పి చూశాడు.

రహ్మాన్‌కు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నిటికంటే ఎక్కువ కోపమొచ్చింది. మూడు సోమవారాలు, ఒక తావీజు, ఒక తలకాయ డాక్టరు, తండ్రి ఇచ్చిన ఇత్తడి రాళ్ల పెట్టె! ఒక బొట్టు! కేకలు వేయడానికి ఎనిమిది నెలల సరుకు గొంతుదాకా నిండి ఉంది. నోరు తెరిచాడు.

కానీ లక్ష్మీకాంతమ్మ ఆయనను చూడడం లేదు. ముందు వేలి మీది కుంకుమను చూసింది. తర్వాత గంటను చూసింది. తర్వాత కిటికీలోంచి కింద కారును చూసింది. అలా చూస్తూ చూస్తూ నెమ్మదిగా గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

"గంట కొడితే..." అన్నది. "గంట కొడితే తెరుచుకుంటదన్నడు తమ్మీ. నాకే చెప్పిండు. నూరుసార్లు చెప్పిండు. పూజ ఆపమన్నడు. దేవుని మీద పడ్డడేంది మతిలేని మనిషని, నేనే పోరని తోని చెప్పి వరంగల్ దవాఖానకు తోలిచ్చిన. గోళీలు చేతిల పెట్టి మింగించిన. రోజు మింగించిన."

ఇంతియాజ్ తల దించుకున్నాడు. రహ్మాన్ తెరిచిన నోరు మూసుకున్నాడు. అరిచేందుకు ఎవరున్నారు? కొడుకు నమ్మలేదు సరే, పెళ్లాం నమ్మలేదు సరే. ఆ రోజు వెంకటేష్ చెప్పినప్పుడు "అయ్యో పాపం" అని తల ఊపింది ఎవరు? ప్రతి శుక్రవారం ఆ కుర్చీ ముందునుంచి జవాబు కోసం ఆగకుండా పోయింది ఎవరు? తన మాట ఎవరూ వినడం లేదని ఊరంతా తిట్టుకుంటూ తిరిగిన మనిషి, అదే మాట చెప్పిన ఇంకో మనిషిని పిచ్చివాడని నమ్మేశాడు. కోపం తిరిగి తన మీదికే వచ్చి కూర్చుంది. అది చాలా బరువుగా ఉంది.

లక్ష్మీకాంతమ్మ లేచింది. కారు తాళం పళ్లెంలోంచి తీసి, గడప దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం ఆగింది. ఇవాళ శుక్రవారం. గడప ఇవతల ఒక క్షణం నిలబడింది. తర్వాత దాటింది. వాళ్ల కంటే ముందు మెట్లు దిగింది.

కింద రాజేశం అలాగే కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన ముందు నిలబడి, ఆ తాళం ఆయన చేతిలో పెట్టింది. ఆయన తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొంగుతో తుడవబోయిన ఆమె చేతిని పక్కకు జరిపి, తన బొటనవేలితో పసుపు బటన్ నొక్కాడు. "టక్". పిన్నులు దిగాయి. కుంకుమ బటన్ నొక్కాడు. "టక్". లేచాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. బజారులో పోయేవాళ్లు ఆగి చూశారు. దుకాణంలోంచి వెంకటేష్ బయటికి వచ్చి, "ఏమైందమ్మా?" అన్నాడు.

ఇంతియాజే చెప్పాడు. నాలుగు మాటల్లో చెప్పాడు, తాళం, బటన్, బొట్టు, గంట. వెంకటేష్ ఒకసారి కారును, ఒకసారి తండ్రి చేతిలోని తాళాన్ని చూశాడు.

రాజేశం కుర్చీలోంచి లేచాడు. మెడ దగ్గరి గుండీ ఊడదీసుకున్నాడు.

"దుకాణం తాళాలు తే."

"బాపూ..." వెంకటేష్ తల్లి వైపు చూశాడు. నిజంగా భయంతోనే అన్నాడో, సిగ్గుతో ఏదో ఒకటి అనాలని అన్నాడో గానీ, "ఇయ్యాల శుక్రారం. రేపు పొద్దుగాల..." అన్నాడు.

నలభై ఏళ్ల కాపురంలో శుక్రవారం పూట ఇంట్లోంచి సూది కూడా బయటికి పోనివ్వని లక్ష్మీకాంతమ్మ కొడుకు మీద విరుచుకుపడింది.

"ఇయ్యిరా! లక్ష్మి పోతే పోనీ. ఇంటి మనిషే పోయిండు రెండేండ్ల సంది!"

వెంకటేష్ మేడెక్కి, పళ్లెంలో ఉన్న షట్టరు తాళాన్నీ గల్లాపెట్టె తాళాన్నీ బొట్లతో సహా తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. రాజేశం వాటిని లెక్క చూసినట్టు ఒకసారి చూసుకుని, జేబులో వేసుకున్నాడు.

మసీదు మైకులో నమాజుకు ముందు చెప్పే ఖుత్బా ప్రసంగం అయిపోవచ్చింది. ఇంతియాజ్ ఫోను తీసి, "కాటమయ్యన్నా, రేపు రాకు. కారు అమ్ముతలేం" అని చెప్పాడు. డాక్టరుకు కూడా చేయబోతుంటే రహ్మాన్ ఆపాడు. "ఉండనీ. నువ్వు పో సోమవారం. ఎనిమిది నెలల సంది చెవులు వినపడుతలేవని చెప్పు." ఇంతియాజ్ తన జేబులోని కారు తాళం తీసి తండ్రి చేతిలో పెట్టాడు. రెండు చేతులతో పెట్టాడు.

ఇద్దరూ సందు వైపు పరుగులాంటి నడకతో బయలుదేరారు. నాలుగడుగులు వేసి రహ్మాన్ ఆగాడు, వెనక్కి వచ్చాడు. రాజేశం ముందు నిలబడ్డాడు. ఈసారి జవాబు వినే పోదలుచుకున్నాడు.

"సేటూ, బాగున్నవా?"

రాజేశం కారు వైపు చెయ్యి చాపి బటన్ నొక్కాడు. "టక్". నాలుగు పిన్నులూ దిగాయి. మెట్టు దిగిపోయి డోరు లాగి చూశాడు. రాలేదు.

"నువ్వు నమాజుకు పోయి రా రహ్మాన్" అన్నాడు. "తాళం నేనేసిన."